ట్యూన్ ఒకరిది, హక్కు మరొకరిది: రిక్టర్ దారి హైదరాబాద్‌లో ఎంతవరకు సాగుతుంది?

క్లుప్తంగా: శాస్త్రీయ సంగీతాన్నీ ఎలక్ట్రానిక్ ధ్వనినీ కలిపి కెరీర్ కట్టుకున్నవాళ్లలో బ్రిటిష్ స్వరకర్త మాక్స్ రిక్టర్ పేరు ముందుంటుంది. ఒకసారి రాసిన రచన ఏళ్ల తరబడి తిరిగి తిరిగి సంపాదించి పెట్టడం ఆ కెరీర్‌కు వెన్నెముక. హైదరాబాద్‌లో పరికరాలకు, వాద్యకారులకు కొరత లేదు. గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించే తీరు, కీబోర్డుకు సులువుగా లొంగదన్నది ఒక చిక్కు. పనంతటికీ ఒకే మొత్తం మాట్లాడుకునే సినిమా ప్యాకేజీ పద్ధతిలో హక్కులు మొదట్లోనే చేజారిపోవడం అంతకన్నా పెద్ద చిక్కు.

ఇన్‌స్టాగ్రామ్ తెరిస్తే త్యాగరాజ కీర్తన కింద లో-ఫై బీట్, వీణ వెనక సింథ్, మృదంగంతో పోటీపడే డ్రమ్ మెషిన్. నిమిషం నిడివి ఉండే ఇలాంటి ముక్కలు రోజూ ఎదురవుతూనే ఉంటాయి. వీటిని తయారుచేసేవాళ్లలో హైదరాబాద్ కుర్రాళ్లు, అమ్మాయిలు తక్కువేం కాదు. పగలు హైటెక్ సిటీలో ఉద్యోగం, రాత్రి కూకట్‌పల్లి ఫ్లాట్‌లో గోడలకు ఫోమ్ అతికించుకున్న ఓ చిన్న గది. అయితే సినిమా ఊసు లేకుండా ఈ పనిమీదే పదేళ్లు, ఇరవయ్యేళ్లు బతికిన కంపోజర్ పేరు చెప్పమంటే సంగీతం బాగా తెలిసినవాళ్లు కూడా తడుముకుంటారు.

దీనికి మామూలుగా వినిపించే జవాబు ‘మనవాళ్లకు టేస్ట్ లేదు’ అన్నది. అది తేలికైన జవాబు, పెద్దగా పనికిరానిది కూడా. వ్యూస్ చూస్తే వినేవాళ్లు ఉన్నారని తెలుస్తూనే ఉంది. ఆ వినడం డబ్బుగా మారే దారిలో ఎక్కడ తెగిపోతోందన్నదే చూడాల్సిన విషయం. అందుకు ముందు, ఆ దారి తెగకుండా సాగిన ఒక ఉదాహరణ కావాలి.

రిక్టర్ ఎక్కిన మెట్లు

మాక్స్ రిక్టర్ 1966లో జర్మనీలో పుట్టి ఇంగ్లండ్‌లో పెరిగారు. ఎడిన్‌బరోలో, లండన్ రాయల్ అకాడమీలో చదివి, ఫ్లోరెన్స్ వెళ్లి ఇటలీ స్వరకర్త లూచియానో బెరియో దగ్గర కంపోజిషన్ నేర్చుకున్నారు. ఆ తర్వాత ఆరుగురు పియానిస్టుల బృందం ‘పియానో సర్కస్’ వ్యవస్థాపకుల్లో ఒకరయ్యారు. 1990ల మధ్యలో ‘ఫ్యూచర్ సౌండ్ ఆఫ్ లండన్’ అనే ఎలక్ట్రానిక్ జంటతో కలిసి పనిచేశారు. అంటే శాస్త్రీయం, ఎలక్ట్రానిక్ రెండింటినీ ఆయన విడివిడిగా, ఆ పనిలో ఉన్నవాళ్ల మధ్యే కూర్చుని నేర్చుకున్నారు. కలపడం ఆ తర్వాతి సంగతి.

2002లో వచ్చిన తొలి సొంత ఆల్బమ్ అప్పట్లో పెద్దగా ఎవరి చెవినా పడలేదు. 2004లో ‘ది బ్లూ నోట్‌బుక్స్’ వచ్చింది. 2012లో వివాల్డీ ‘ఫోర్ సీజన్స్’ను విప్పి మళ్లీ అల్లారు. 2015లో ఎనిమిది గంటలకు పైగా సాగే ‘స్లీప్’ చేశారు. దాన్ని జనం మంచాల మీద పడుకుని రాత్రంతా వినేలా కచేరీలుగా కూడా పెట్టారు. అదే ఏడాది లండన్ రాయల్ బ్యాలేకు ‘వుల్ఫ్ వర్క్స్’ సంగీతం అందించారు. మధ్యమధ్యలో సినిమాలు, టీవీ సీరియళ్లు ఎలాగూ ఉన్నాయి.

తొలి ఆల్బమ్‌కీ, పేరు నిలబడడానికీ మధ్య పదేళ్లు గడిచాయి. ఆ పదేళ్లూ పాత రచనలు ఆయన పేరు మీదే ఉండి, ఎవరో ఒకరు వాడుకున్నప్పుడల్లా మళ్లీ బయటికి వచ్చాయి.

ఒక్క రచన, పదే పదే

ఇది ఎలా పనిచేస్తుందో ‘ఆన్ ది నేచర్ ఆఫ్ డేలైట్’ను చూస్తే అర్థమవుతుంది. 2004 ఆల్బమ్‌లోని సుమారు ఆరు నిమిషాల రచన అది. నెమ్మదిగా, ఒకే స్వరశ్రేణి తిరిగి తిరిగి వస్తుంటే దానిమీద తంత్రీవాద్యాలు ఒక్కో పొరగా చేరుతుంటాయి. మాటలు లేవు, దరువు లేదు. అందువల్ల ఏ దృశ్యం కిందైనా ఇమిడిపోతుంది. 2010లో ‘షటర్ ఐలాండ్’, 2016లో ‘అరైవల్’ దాన్ని వాడుకున్నాయి. మధ్యలో ఇంకా చాలా చోట్ల వినిపించింది.

సినిమావాళ్లు ఇలాంటి రచన వాడుకోవాలంటే రెండు అనుమతులు కావాలి. స్వరరచన వాడకానికి ఒకటి, ఆ ఫలానా రికార్డింగు వాడకానికి ఇంకొకటి. రెండింటికీ విడివిడిగా డబ్బు కట్టాలి. ఆపైన టీవీలో వచ్చినప్పుడు, చాలా దేశాల్లో థియేటర్‌లో ఆడినప్పుడు కూడా, రచయిత వాటా రాయల్టీ సంఘం ద్వారా చేరుతుంది. బ్రిటన్‌లో ఆ పని పీఆర్ఎస్ చేస్తుంది. రికార్డింగు హక్కు కంపెనీ దగ్గరే ఉన్నా, రచయిత వాటా అనే ఈ రెండో పాయ ఆగదు.

ఈ పద్ధతికి ఒక ముల్లు కూడా ఉంది. ‘అరైవల్’కు అసలు సంగీతం చేసింది జోహాన్ జోహాన్సన్. సినిమా మొదట్లో, చివర్లో రిక్టర్ రచనే బలంగా వినిపించడంతో, ప్రేక్షకుడికి ఏది ఎవరిదో తెలియదన్న కారణంతో జోహాన్సన్ స్కోరును ఆస్కార్ పరిశీలన నుంచే తప్పించారు. తన తప్పేమీ లేకుండానే పోటీలో లేకుండా పోయారు పాపం. పన్నెండేళ్ల కిందటి ఒక ట్రాక్ కొత్త స్కోరును పక్కకు నెట్టేయగలిగిందంటే, చేతిలో పాత రచనలు ఉండడం ఎంత బలమో తెలుస్తుంది.

గాంధారం దగ్గర తేలే తేడా

హైదరాబాద్ సంగతికొస్తే మొదటి అడ్డంకి సంగీతంలోనే ఉంది. యూరప్ శాస్త్రీయ సంగీతం ఎప్పటి నుంచో కాగితం మీద రాసుకున్నది, పియానో మెట్లకు అలవాటు పడినది. సింథసైజర్ కూడా ఆ మెట్ల మీదే పుట్టింది. రిక్టర్ రెండింటినీ కలిపినప్పుడు స్వరం ఉండే చోటు విషయంలో గొడవ రాదు. కర్ణాటక సంగీతంలో స్వరం ఒక చోట నిలబడదు.

తోడి రాగంలో ‘సాధారణ గాంధారం’ అనే గ స్వరాన్ని తీసుకుంటే ఇది స్పష్టంగా కనిపిస్తుంది. కీబోర్డు మీద ఆ మెట్టు నొక్కితే స్వరస్థానం సరిగ్గానే పలుకుతుంది, తోడి మాత్రం పలకదు. పాడేవాళ్లు గాంధారాన్ని రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊపుతారు. ఆ ఊపులో పైకి వెళ్లే వేగం వేరు, కిందకు దిగే వేగం వేరు, ఎక్కడ క్షణం ఆగాలన్నది పట్టును బట్టి మారుతుంది. కీబోర్డు ఎడమ పక్కన ఉండే పిచ్ వీల్ మామూలుగా రెండేసి అర్ధస్వరాలు పైకీ కిందకీ వెళ్తుంది. లెక్కకు అది శుద్ధ రిషభం నుంచి శుద్ధ మధ్యమం దాకా సరిపోయే దూరమే. కానీ వీల్ తిప్పితే ఆ చానల్‌లో మోగుతున్న స్వరాలన్నీ కలిసి ఊగుతాయి. కింద పట్టి ఉంచిన షడ్జమం కూడా గాంధారంతో పాటు కొట్టుకుపోతుంది. ఎలక్ట్రానిక్ వాద్యాలను ఒకదానితో ఒకటి కలిపే, 1983లో వచ్చిన మిడి పద్ధతిలోనే ఉన్న పరిమితి ఇది. ప్రతి స్వరాన్నీ విడిగా ఊపే ఎంపీఈ ప్రమాణం అధికారికంగా వచ్చింది 2018లో. ఆ రకం కీబోర్డులు మామూలు వాటికన్నా ఖరీదైనవి, వాటి మీద గమకం పలికించాలంటే కొత్త వాద్యం నేర్చుకున్నంత సాధన కావాలి.

ఫ్యూజన్ ట్రాక్‌లలో హంసధ్వని, మోహనం తరచుగా వినిపించడానికి, సహాన, బేగడ అరుదుగా వినిపించడానికి కారణం చాలావరకు ఇదే. మొదటి రెండూ స్వరాలు కొంత నిలకడగా ఉన్నా గుర్తుపట్టేలా ఉంటాయి. తర్వాతి రెండు గమకం తీసేస్తే మిగలవు. తాళానిదీ దాదాపు ఇదే కథ: ఆది తాళం ఎనిమిది అక్షరాలు లూప్‌లో చక్కగా కూర్చుంటాయి కాబట్టి అందరూ అక్కడే ఆగుతారు. ఇక స్వరాన్ని సరిచేసే ఆటోట్యూన్ సాఫ్ట్‌వేర్ అయితే గమకాన్ని అపస్వరం అనుకుని సరిదిద్దేస్తుంది!

అందుకే ఇక్కడి స్టూడియోలో పని ఇలా సాగుతుంది. ప్రోగ్రామర్, అంటే కంప్యూటర్‌లో ధ్వనులు కూర్చే మనిషి, తంబుర శ్రుతి, ప్యాడ్లు (వెనక పరుచుకుని సాగే సింథ్ ధ్వనులు), దరువు ముందే పరిచి ఉంచుతారు. వయొలిన్ విద్వాంసుడు వచ్చి హెడ్‌ఫోన్‌లో క్లిక్ (లయ కొలిచే చప్పుడు) వింటూ వాయిస్తారు. క్లిక్‌కు కట్టుబడితే గమకం బిగుసుకుపోతుంది, వదిలేస్తే దరువు జారుతుంది. నాలుగైదు టేకులు తీసుకుని ముక్కలు ముక్కలుగా అతికిస్తారు. చివరికి రాగాన్ని మోసేది వాద్యకారుడి చెయ్యే. ఎలక్ట్రానిక్ భాగం ఎంత కొత్తగా ఉన్నా ఇంకో మనిషి లేకుండా ట్రాక్ పూర్తికాదు. ఆ ఇంకో మనిషికి హక్కుల్లో వాటా ఎంత అన్న ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది.

దారి వేసినవాళ్లు లేకపోలేదు

పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఈ చిక్కును వాద్యం వైపు నుంచి విప్పారు. జంట తీగల పాత మాండలిన్ వదిలి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టారు. విద్యుత్తు వల్ల నాదం ఎక్కువసేపు నిలిచింది, ఒంటి తీగ వల్ల గమకం లాగడానికి వీలైంది. 1995లో మైకేల్ బ్రూక్‌తో కలిసి ఆయన చేసిన ‘డ్రీమ్’ ఆల్బమ్ బ్రిటన్‌లోని రియల్ వరల్డ్ సంస్థ నుంచి వచ్చింది. అప్పటికి రిక్టర్ తొలి ఆల్బమ్‌కు ఇంకా ఏడేళ్లు ఉంది. తెలుగునేల నుంచి వెళ్లిన ఒక విద్వాంసుడు ఎలక్ట్రానిక్ ధ్వనితో కలిసి అంతర్జాతీయ రికార్డు చేసిన ఈ ఉదాహరణ, ఇప్పటి ఫ్యూజన్ చర్చల్లో ఎందుకో అంతగా వినిపించదు.

ముంబైలో చరణ్‌జిత్ సింగ్‌ది ఇంకో దారి. హిందీ సినిమాలకు సెషన్ వాద్యకారుడిగా పనిచేసిన ఆయన 1982లో రోలాండ్ కంపెనీ యంత్రాలు మూడింటితో పది రాగాలకు డిస్కో దరువు కట్టి ఆల్బమ్ చేశారు. అందులో టీబీ-303 అనే బేస్ యంత్రానికి ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే గుణం ఉంది, హిందుస్తానీలో మీండ్ అనే జారుడుకు అది కొంత దగ్గరగా పలికింది. ఆల్బమ్ అమ్ముడుపోలేదు. 2010లో యూరప్‌లో మళ్లీ విడుదలయ్యాక ‘యాసిడ్ హౌస్ అనే ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతానికి ఇది ముందే వచ్చిందే’ అని ప్రపంచం ఆశ్చర్యపోయింది. 2015లో చనిపోయే ముందు కొద్ది ఏళ్లు మాత్రం విదేశీ వేదికలపై ఆ గౌరవం చూడగలిగారు.

రెహమాన్ ప్రయాణం మూడోది. సొంతంగా సినిమాలు చేయకముందు ఆయన ఎవరెవరికి కీబోర్డు వాయించి, ప్రోగ్రామింగ్ చేశారో వాళ్లలో తెలుగు సంగీత దర్శకులు రాజ్-కోటి కూడా ఉన్నారు. 1992 తర్వాత ఆయన సంగీత దర్శకుడి కుర్చీలోకి మారారు. ప్రోగ్రామర్ కుర్చీ మాత్రం ప్రతి స్టూడియోలోనూ అలాగే ఉండిపోయింది.

ప్యాకేజీలో ఏం పోతుంది

హైదరాబాద్‌లో సంగీతంతో బతకాలనుకునేవాళ్లకు ఫిల్మ్‌నగర్, కృష్ణానగర్ చుట్టూ ఉన్న సినిమా పనే పెద్ద ఆసరా. చిన్న, మధ్యస్థాయి సినిమాలకు మామూలుగా నడిచేది ప్యాకేజీ. ఒక మొత్తం మాట్లాడుకుంటారు. పాటలు, బీజీఎం, గాయకుల పారితోషికం, వాద్యకారుల సెషన్లు, మిక్సింగ్ అన్నీ సంగీత దర్శకుడు అందులోంచే చూసుకోవాలి. మిగిలింది ఆయనది. దీనివల్ల ప్రతి లైవ్ వాద్యం ఆయన జేబులోంచి పోయే ఖర్చవుతుంది. వయొలిన్ బృందం బదులు శాంపుల్ లైబ్రరీ (ముందే రికార్డు చేసిన వాద్య ధ్వనుల కట్ట) వాడితే ఆ డబ్బు మిగులుతుంది. పైన చెప్పుకున్న గమకం సమస్యకు ఈ లెక్క తోడైతే ఫలితం ఊహించవచ్చు.

ప్యాకేజీతోపాటే నిర్మాతకూ ఆడియో కంపెనీకీ హక్కులు వెళ్తాయి. దీనికి పాత పునాది ఉంది. నిర్మాత డబ్బిచ్చి సినిమా కోసం చేయించుకున్న సంగీతానికి, ఒప్పందంలో వేరేగా లేకపోతే, మొదటి హక్కుదారు నిర్మాతే అని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ముప్పై అయిదేళ్లు పరిశ్రమ ఆ తీర్పు నీడలోనే నడిచింది.

2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ దాన్ని చాలావరకు మార్చింది. రాజ్యసభలో జావేద్ అఖ్తర్ దీనికోసం గట్టిగా వాదించారు. ఇప్పుడు స్వరకర్త, గేయ రచయిత హక్కును నిర్మాతకు రాసిచ్చినా, థియేటర్‌లో సినిమాతో పాటు ఆడే సందర్భం తప్ప మిగతా వాడకాల మీద రాయల్టీలో సమాన వాటాను వదులుకోలేరు. వదులుకుంటున్నట్టు సంతకం పెట్టినా అది చెల్లదు. సినిమాకు చెందని ఆల్బమ్‌లకూ ఇదే రక్షణ ఉంది. ఒప్పందంలో కాలపరిమితి రాయకపోతే 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్కేస్తారు. అందుకే ఒప్పందపు కాగితాల్లో ‘శాశ్వతంగా’, ‘ప్రపంచవ్యాప్తంగా’ అన్న మాటలు మరచిపోకుండా ఉంటాయి.

చట్టం ఉన్నంతమాత్రాన డబ్బు నడిచి రాదు. రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్ఎస్ 1969 నాటి సంస్థే అయినా, సవరణ తర్వాత మళ్లీ కాపీరైట్ సొసైటీగా నమోదైంది 2017 చివర్లో. స్వరకర్త అందులో సభ్యుడై, ప్రతి రచననూ నమోదు చేస్తేనే వాటా అందుతుంది. గాయకులకు, వాద్యకారులకు వేరే సంఘం ఉంది, వేరే లెక్క ఉంది. ఈ రెండింటి మధ్య ప్రోగ్రామర్ జారిపోతాడు. చట్టం దృష్టిలో కంపోజర్ అంటే సంగీతాన్ని రచించిన వ్యక్తి. ఆ ట్యూన్‌కు ధ్వని రూపం ఇచ్చి, శబ్దాలు చెక్కి, పొరలు కట్టిన మనిషికి విడిగా చోటు లేదు. శాస్త్రీయ సంగీతాన్నీ ఎలక్ట్రానిక్స్‌నూ కలపడంలో అసలు పని అక్కడే జరుగుతుంది మరి. సెషన్ డబ్బు తీసుకుని వెళ్లిపోయాక ఆ ట్రాక్ ఎంత పెద్ద హిట్టయినా అతనికి ఇంకేమీ రాదు, ముందుగా సహ స్వరకర్తగా పేరు రాయించుకుంటే తప్ప.

గేమింగ్, యానిమేషన్ కంపెనీలు హైదరాబాద్‌లో బాగానే ఉన్నాయి, సౌండ్ పని దొరుకుతుంది. అక్కడ ఉద్యోగిగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమానే.

వివాల్డీని విప్పొచ్చు, త్యాగయ్యను?

రిక్టర్ వివాల్డీని తిరగరాసినప్పుడు చట్టం అడ్డురాలేదు. వివాల్డీ 1741లోనే పోయారు. అసలు రచనలో నాలుగింట మూడు వంతులు పక్కన పెట్టానని రిక్టరే చెప్పుకున్నారు. మిగిలినదాని మీద కట్టినది కొత్త రచన, దానికి కొత్త హక్కు పుట్టింది. త్యాగరాజు 1847లో సిద్ధి పొందారు. భారత చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాత 60 ఏళ్లకు హక్కు ముగుస్తుంది. కాబట్టి కాగితం మీద రెండూ ఒకటే.

ఆచరణలో ఒకటి కావు. కీర్తన పాఠాంతరం గురువు నుంచి వస్తుంది. సంగతులు, అంటే ఒకే పంక్తిని రకరకాలుగా మలిచి పాడే తీరులు, తరతరాలుగా శిష్యులు చేర్చినవే అయినా, ఆ చేర్చడానికి పరంపర లోపలి అనుమతి ఉంటుంది. బయట నుంచి వచ్చి చరణం తీసేసి, పల్లవిని లూప్ చేస్తే చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కూర్చునే శ్రోత లేచి వెళ్లిపోవచ్చు. ఇందులో శ్రోతను తప్పుపట్టడానికేమీ లేదు, ఆయన వచ్చింది సాహిత్యం కోసం కూడా. వివాల్డీ వయొలిన్ పాటకు మాటలు లేవు, భక్తి లేదు. ఆ వెసులుబాటు ఇక్కడ లేదు కాబట్టే కీర్తనను ముట్టుకోకుండా రాగం తానం నుంచి, లేదా తిల్లానా జతుల నుంచి కొత్తది కట్టినవాళ్లకు ప్రతిఘటన తక్కువ ఎదురవుతుంది. అలా చేస్తే పూర్తి రచన హక్కు కూడా వాళ్లకే ఉంటుంది.

మరో తలనొప్పి యంత్రాలది. హక్కు ముగిసిన కీర్తనను సొంతంగా పాడి అప్‌లోడ్ చేసినా, పాత రికార్డింగుతో పోలిక చూసి ఆటోమేటిక్ క్లెయిమ్ పడిపోతుంటుంది. కీర్తన అందరిదీ, రికార్డింగు కంపెనీది అన్న తేడా ఆ సాఫ్ట్‌వేర్‌కు ప్రతిసారీ తెలియదు. అభ్యంతరం తెలిపి గెలవచ్చు. ఈలోగా ట్రాక్ వేడి తగ్గిపోతుంది.

ఇక ముందు

వేదికల వైపు నుంచి వచ్చే ఆదాయం ఇప్పట్లో పెరిగే సూచనలు తక్కువ. శాస్త్రీయ కచేరీలు ఎక్కువగా ఉచిత ప్రవేశంతోనే సాగుతాయి. రవీంద్రభారతిలో టికెట్ పెట్టాలన్నా నిర్వాహకులు వెనకాడతారు. ఎలక్ట్రానిక్ సంగీతం వినిపించే జూబ్లీహిల్స్, గచ్చిబౌలి పబ్బుల్లో డాన్స్ దరువు కావాలి, ఆలాపన ఆగదు. లామకాన్ లాంటి చిన్న వేదికలు ప్రయోగాలకు చోటిస్తాయి, అయితే వాటి సీట్లతో ఇల్లు గడవదు. బ్యాలే కంపెనీ, సింఫనీ హాలు పిలిచి రచన చేయించుకునే యూరప్ పద్ధతికి సమానమైనది ఇక్కడ వెతికితే, కూచిపూడి బృందాల నృత్యరూపకాలే కొంత దగ్గరగా కనిపిస్తాయి. అక్కడా చెల్లింపు ఒక్కసారితో సరి.

స్ట్రీమింగ్ కొంత ఆశ, కొంత లెక్కల చిక్కు. 2024 నుంచి స్పాటిఫైలో ఒక ట్రాక్ ఏడాదిలో కనీసం 1000 సార్లు వినబడకపోతే దాని రికార్డింగుకు చెల్లింపు ఉండదు. చందా కట్టకుండా యాడ్స్‌తో వినేవాళ్లు ఎక్కువున్న చోట ఆ గీత దాటాక వచ్చేదీ పల్చగానే ఉంటుంది. పైగా నిద్రకు, చదువుకు, ధ్యానానికి అంటూ వినే నెమ్మది సంగీతాన్ని ఏఐ యంత్రాలు ఇప్పుడు అలవోకగా తయారుచేస్తున్నాయి. రిక్టర్ తరహాను పైపైన అనుకరించే పని ముందుగా వాటి చేతికే పోతుంది. తోడి గాంధారం దగ్గర అవి కూడా కీబోర్డులాగే తడబడే అవకాశం ఉంది, ఎందుకంటే పాశ్చాత్య మెట్ల మీదున్న సంగీతమే నేర్చుకోవడానికి వాటికి ఎక్కువ దొరికింది.

ఈ పరిస్థితుల్లో హైదరాబాద్ కంపోజర్ల ముందు ఆచరణలో ఉన్న దారి మిశ్రమంగానే కనిపిస్తుంది. ఇంటి అద్దెకు సినిమా ప్యాకేజీ, దాంతో సంబంధం లేకుండా సొంత పేరుతో రచనలు. ఆ సొంత రచనలకు స్వరకర్తగా ఐపీఆర్ఎస్ నమోదు, ప్రతి రికార్డింగుకూ ఐఎస్ఆర్‌సీ అనే గుర్తింపు సంఖ్య, వయొలిన్ వాయించినవారితో వాటా ఎంతో రికార్డింగుకు ముందే రాతపూర్వకంగా ఒక పేజీ. సినిమాకు ఇచ్చే ట్యూన్లలో కూడా, వాడకుండా పక్కన పెట్టినవి ఎవరివన్నది ఒప్పందంలో రాయించుకోవచ్చు. సిట్టింగ్‌లో దర్శకుడు వద్దన్న ట్యూన్లు ప్రతి కంపోజర్ హార్డ్‌డిస్క్‌లోనూ డజన్ల కొద్దీ ఉంటాయి. కాగితంలో ఆ ఒక్క వాక్యం లేకపోతే వాటిని సొంత ఆల్బమ్‌లో పెట్టుకునే ముందు కూడా నిర్మాతను అడగాల్సి రావచ్చు.